జాబితాలో లేని ఇల్లు

సెప్టెంబరు 14

మా ఆవిడ థెల్మా వేళ్లు వాచాయి. కలం పట్టుకోలేకపోతోంది. పెళ్లయినప్పటినుంచీ ఏటా ఒక డైరీ రాసింది. వాన పడిందా, బట్టలు ఆరాయా, ఎవరు పోయారు, ఎవరు పుట్టారు. ఈ ఏటిది సగంలో ఆగింది. మిగతాది నువ్వు నింపు, కాగితం దండగ చేయకు అంది. నాకు అక్షరాలు అంతంత మాత్రం. పదిహేనో ఏట గనిలోకి దిగినవాణ్ణి. తవ్వమంటే తవ్వుతాను. రాయమంటే ఇలాగే ఉంటుంది.

ఇవాళ ఆక్సిజన్ మిషను తెచ్చి ముందుగదిలో పెట్టారు. మంచం పక్కన పెట్టుకునే చిన్న బీరువా అంత. కరెంటుతో నడుస్తుంది. గురక పెట్టినట్టు ఒకటే మోత. దాన్నుంచి సన్నటి గొట్టం థెల్మా ముక్కులోకి. మూలకి ఒక సిలిండరు కూడా నిలబెట్టారు. కరెంటు పోతే అది. పదిహేను, పదహారు గంటలు వస్తుందట.

నర్సు గది వెచ్చబెట్టే పొయ్యి చూసింది. బొగ్గు మండుతోంది. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు ఉండకూడదు, ఇవాళే ఆర్పేయండి అంది. ఈ ఇంట్లో చలికాలం ఎప్పుడూ నిప్పు ఆరలేదమ్మా అన్నాను. అయితే నిప్పు కావాలో ఆవిడ కావాలో తేల్చుకోండి అంది. ముప్పై ఏళ్లు కూడా లేవు. నోరు మాత్రం గనిలో మా పాత మేస్త్రీ నోరే.

సెప్టెంబరు 15

పొయ్యి ఆర్పాను. బూడిద ఎత్తి పోశాను. గది పెద్దదైనట్టుంది.

సెప్టెంబరు 19

బొగ్గుదుమ్ము నా ఊపిరితిత్తుల్లో ఉండాలి. ముప్పై నాలుగేళ్లు భూమి కింద ఉన్నది నేను. డాక్టరు నా ఎక్స్‌రే చూసి ఈ వయసుకి బాగానే ఉన్నావు పో అన్నాడు. దుమ్ము ఆమెకి పట్టింది.

మా వీధిలో ఆడవాళ్ల పని అది. షిఫ్టు దిగి వచ్చిన మగవాడి బట్టలు వెనకసందులోకి తీసుకెళ్లి ఇటుక గోడకేసి బాదేవాళ్లు, దుమ్ము రాలేదాకా. ఉతకడం వారానికి ఒకసారి. బాదడం రోజూ. ప్రతి ఇంటి వెనక గోడమీదా ఒక నల్లమచ్చ ఉండేది. మాది ఇప్పటికీ ఉంది. గట్టిగా బాదితే మంచి ఇల్లాలని పేరు. థెల్మా వీధిలో అందరికంటే గట్టిగా బాదేది. మా అమ్మ, ఎవర్నీ మెచ్చుకోనిది, కోడలి చేతిదెబ్బ మెచ్చుకుంది. నేనూ మురిశాను.

ఇవాళ ఆ మాట ఎత్తాను. తప్పు నాదే అని కాదు గానీ అలాంటిదేదో అన్నాను. నువ్వు బాదమన్నావా ఏంటి, ఊరుకో అంది. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటోంది. ఇన్నాళ్లూ కాల్చేదాన్నే పీల్చాను విల్ఫ్, ఈ మిషనన్నా దేన్నీ కాల్చకుండా నడవనీ అంది. నాకు అర్థం కాలేదు. కిటికీలోంచి చూపించింది. దూరంగా సముద్రంలో గాలిమరలు.

సెప్టెంబరు 21

గిలియన్ వచ్చింది. మా కూతురు. డార్లింగ్టన్‌లో ఉంటుంది, మంగళవారం, శనివారం వస్తుంది. తల్లీ కూతురూ ముందే మాట్లాడుకున్నారని తెలిసిపోయింది. కరెంటు కంపెనీ మారుద్దాం నాన్నా అంది. గాలిమరల దగ్గర మాత్రమే కొని అమ్మే కంపెనీ ఒకటుందట. పొయ్యి ఆరిపోయింది కాబట్టి ఇక హీటర్లూ, మిషనూ అన్నీ కరెంటే కదా, అదేదో మంచి కరెంటు తీసుకుందాం అంది.

తీగ అదే, ప్లగ్గు అదే, కరెంటుకి రంగుంటుందా అన్నాను. పాలు కూడా తెల్లగానే ఉంటాయి నాన్నా, ఏ ఆవువో అడగకుండా కొంటావా అంది.

గాలిమరలకి సంతకం పెడితే మా గని గోతిలో నా చేత్తో ఒక తట్ట మన్ను పోసినట్టే అన్నాను. దానికి థెల్మా మంచంమీంచి అంది. గని పూడ్చి ముప్పై ఏళ్లయింది, దానిమీద సూపర్‌మార్కెట్టు కట్టారు, నువ్వు అందులోనే ఉల్లిపాయలు కొంటున్నావు.

గిలియన్ నవ్వింది. థెల్మా కూడా నవ్వబోయి దగ్గులో పడింది. అది ఆగేసరికి పావుగంట. సరే మార్చుకోండి అన్నాను.

సెప్టెంబరు 28

ఇంకో సంగతి బయటపడింది. ఇప్పుడున్న కరెంటు కంపెనీ దగ్గర ఒక జాబితా ఉందట. ఒంట్లో బాగోని ముసలివాళ్ల ఇళ్లు అందులో ఉంటాయట. కరెంటు పోతే ముందు వాళ్లకే ఫోన్ చేస్తారు, అవసరమైతే జనరేటరు తెస్తారు. మిషను పెట్టిన రోజే నర్సు మా ఇంటిని అందులో రాయించిందట. నన్ను అడగలేదు. బలహీనుల జాబితా అని దాని పేరు.

ఎదురింటి ఎరిక్ స్టోబ్స్ ఆ జాబితాలోనే ఉన్నాడు. వాడికి ఇంట్లో కిడ్నీ మిషను ఉంది. పోయిన శీతాకాలం ఆ జాబితా వాళ్లు దుప్పటీ, ఫ్లాస్కూ తెచ్చి వాడి చేతిలో పెడుతుంటే చూశాను. ముష్టి తీసుకున్నట్టు రెండు చేతులూ చాపాడు.

స్టోబ్స్ గురించి రాయాలంటే కలం బరువవుతోంది. గనిలో సమ్మె జరిగిన ఏడాది. ఏడాదంతా జీతం లేదు. చర్చి హాలులో అందరం ఒకే గిన్నెలో సూపు తిన్నాం. గిలియన్ బూట్లకి అట్టముక్క పెట్టాను. పదకొండో నెలలో ఎరిక్, మళ్లీ పనిలోకి వస్తాం అనేవాళ్ల జాబితాలో సంతకం పెట్టాడు. రాళ్లు తగలకుండా కిటికీలకి ఇనుపవల కట్టిన బస్సులో కూర్చుని మా మధ్యనుంచే గనిలోకి వెళ్లాడు. నా చెల్లెలి పెళ్లిలో వాడు నా పక్కనే నిలబడ్డాడు. అలాంటివాడు.

ఆ రోజునుంచి మాట లేదు. ఎదురెదురు తలుపులు. ముప్పై ఏడేళ్లు. వాడి పెళ్లాం శవపేటిక వెళ్తుంటే నేను చూడకుండా కర్టెను మూసేశాను. వీధిలో అందరూ మూసేశారు. ద్రోహికి మా దగ్గర అదే పద్ధతి.

అక్టోబరు 5

గాలి కంపెనీకి ఫోన్. గిలియన్ నంబరు కలిపి, బిల్లు నీ పేరుమీదుంది నువ్వే మాట్లాడాలి అని ఇచ్చి, తల్లి ఒళ్లు తుడవడానికి వేడినీళ్లు పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

అవతల ఒక ఆడపిల్ల. మర్యాదస్తురాలు. పేరడిగింది, మీటరు నంబరడిగింది. తర్వాత, ఇంట్లో బలహీనులు ఎవరైనా ఉన్నారాండీ, కరెంటుతో నడిచే వైద్య పరికరం మీద ఆధారపడినవాళ్లు, వృద్ధులు, అలాంటి వాళ్లుంటే పాత కంపెనీ జాబితా మాకు రాదు, మేం మళ్లీ రాసుకోవాలి అంది.

నా కళ్లముందు స్టోబ్స్ చాపిన చేతులు. నేను ఎప్పుడూ ఏ జాబితాలోనూ నా పేరు రాయించుకోలేదు.

మా ఇంట్లో బలహీనులు ఎవరూ లేరమ్మా అన్నాను.

సరేనండి అంది. గిలియన్ వచ్చి అయిపోయిందా అనడిగింది. అయిపోయిందన్నాను.

అక్టోబరు 24

గాలి కరెంటు మొదలై వారమైంది. కెటిల్ మరిగింది. బల్బు వెలిగింది. మిషను గురక అదే. తేడా ఏమీ లేదని చెప్తే థెల్మా నన్ను కిటికీ తీయమంది. బయట గాలి వీస్తోంది. అదిగో మన పొయ్యి మండుతోంది అంది. ఇక గాలి వీచినప్పుడల్లా అదే మాట. విల్ఫ్, పొయ్యి బాగా మండుతోంది. గాలి లేని రోజు, పొయ్యిలో బొగ్గు వెయ్యి అంటుంది. ఆమెకి సంతోషంగా ఉంది. అది రాయాలి. ఈ వారమంతా ఆమె సంతోషంగానే ఉంది.

నవంబరు 4

గాలి కంపెనీనుంచి ఉత్తరం. రెండు కాగితాలు, ఒక కార్డు, స్టాంపు అక్కర్లేని కవరు. గళ్లలో టిక్కు పెట్టి పంపమన్నట్టుంది. చిన్న అక్షరాలు. ఇలాంటివన్నీ ఇన్నాళ్లూ థెల్మా చదివేది. ఏంటది అని మంచంమీంచి అడిగింది. ప్రకటన అన్నాను. సొరుగులో పెట్టాను.

నవంబరు 26, మధ్యాహ్నం 4

ఉత్తర దిక్కునుంచి గాలి. రేడియోలో పొద్దున్నుంచీ చెప్తున్నారు. వీధి చివర పోప్లర్ చెట్టు పడింది. పెంకులు లేచిపోతున్నాయి. థెల్మా ఇవాళ పొయ్యి మాట ఎత్తలేదు.

సాయంత్రం 5.20

కరెంటు పోయింది. మిషను ఒకసారి కూతపెట్టి ఆగిపోయింది. గొట్టం సిలిండరుకి మార్చాను. నర్సు చూపించినట్టే చేశాను. ఫోను కరెంటు లేకపోతే పనిచేయని రకం. గిలియన్ కొనిచ్చిన సెల్‌ఫోనులో సిగ్నల్ గీతలు లేవు. మా పొయ్యి ఖాళీ. బొగ్గుకొట్టులో సగం సంచి ఉంది. సిలిండరు ఉండగా నిప్పు వెలిగించకూడదు. దుప్పట్లన్నీ కప్పాను. నా కోటు కూడా.

నవంబరు 27, ఉదయం 7

సిలిండరు ముల్లు ఎర్రగీతకి దగ్గరపడింది. గాలి తగ్గింది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. వీధి మొత్తం చీకటి.

ఉదయం 7.30

ఎదురుగా స్టోబ్స్ కిటికీ వెలిగింది. వాడి గుమ్మంలో కరెంటు కంపెనీ వ్యాను. జనరేటరు దించి తీగ లోపలికి లాగి వెళ్లిపోతున్నారు. పరిగెత్తాను. మా ఆవిడకి ఆక్సిజన్ అన్నాను. పెద్దతను కాగితం తీసి వేలితో కిందిదాకా వెతికాడు. మీ ఇంటి నంబరు లేదు తాతా అన్నాడు. మళ్లీ చూడమన్నాను. మళ్లీ చూశాడు. లేదు తాతా, మీ కంపెనీకి చెప్పలేదా అన్నాడు. ఉన్నది ఆ ఒక్క జనరేటరే, ఆసుపత్రివైపు రోడ్లు చెట్లతో మూసుకుపోయాయి, అంబులెన్సుకి వైర్‌లెస్‌లో చెప్తాం, మధ్యాహ్నమో సాయంత్రమో అన్నాడు. ఎక్కబోతూ, అంతదాకా ఆ ఇంటాయన్ని అడగండి తాతా, పదడుగుల దూరం, కాదంటాడా అన్నాడు.

అతనికి తెలియదు. బయటి ఊరివాడు.

ఉదయం 9

సిలిండరు అయిపోయింది.

నవంబరు 30

ఆ రోజుది ఇప్పుడు రాస్తున్నాను. రాయకుండా ఉండలేను, అందుకు.

తొమ్మిదికి సిలిండరు అయిపోయాక థెల్మాని కూర్చోబెట్టి వీపుకి దిండ్లు పెట్టాను. ముందుకి వంగి రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకుని గాలికోసం వెతుకుతోంది. అంబులెన్సు వస్తోంది అన్నాను. తలూపింది. పది అయింది. వస్తోంది అన్నాను. పెదాలు స్లేటు రంగుకి తిరిగాయి. ఎదుటి కిటికీలో దీపం వెలుగుతోంది. దానికి వీపు పెట్టి కూర్చున్నాను. నిజం రాస్తున్నాను. దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

పదకొండు దాటాక థెల్మా చెయ్యెత్తింది. మాట రాలేదు. వేలు కిటికీవైపు చూపించింది. గాలిమరలవైపు కాదు. తర్వాత అదే వేలితో నన్ను పొడిచింది, భుజంమీద, రెండుసార్లు. పెళ్లైన కొత్తలో పొద్దున్నే షిఫ్టుకి లేపడానికి అలాగే పొడిచేది.

వెళ్లాను. పదడుగులు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. ఎరిక్ ఊతంగా పట్టుకుని నడిచే ఇనుప చట్రంతో నిలబడి ఉన్నాడు. వాడు ఇంత ముసలివాడయ్యాడని ఇంత దగ్గరగా చూస్తే గానీ తెలియలేదు. ఏమనాలో తెలియక, కరెంటు అన్నాను. అంతే. ముప్పై ఏడేళ్ల తర్వాత వాడితో నా మొదటి మాట అది.

తలుపు తీసే ఉంచుతా, ఆమెను తీసుకురా అన్నాడు.

చక్రాల కుర్చీలో తోసుకొచ్చాను. వీధినిండా పెంకులు, కొమ్మలు. మళ్లీ వెళ్లి మిషను ఎత్తుకొచ్చాను. బొగ్గు తొట్టి అంత బరువు. ఎలా ఎత్తానో తెలియదు. ఎరిక్ అప్పటికే తన కిడ్నీ మిషను తీగ పీకేసి గోడ దగ్గర ఉన్నాడు. ఆ జనరేటరు రెండూ లాగదట. నీదో అన్నాను. నాది రేపు తిరిగినా ఫరవాలేదు, ఆమెది ఇప్పుడు తిరగాలి, ఆ ప్లగ్గు ఇటివ్వు అన్నాడు. మిషను గురక పెట్టింది. అరగంటకి పెదాల రంగు కొంచెం మారింది.

వాడు టీ పెట్టాడు. తాగాను. నాకు ఎన్ని చెంచాలు చక్కెరో అడక్కుండానే వేశాడు. మర్చిపోలేదు వెధవ.

తర్వాత అన్నాడు. పొద్దున్న ఏడున్నరకి వ్యాను దగ్గర నిన్ను చూశా విల్ఫ్, నువ్వు వచ్చేసరికి పదకొండున్నర, అంతసేపు ఏం చేశావయ్యా.

నువ్వూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నావుగా, నువ్వు రాకూడదా అన్నాను.

వస్తే తలుపు తీసేవాడివా అన్నాడు.

తీసేవాణ్ణి కాదు అన్నాను.

అదీ అన్నాడు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని దాంట్లోకి చూస్తూ కూర్చున్నాడు. మా బెరిల్ పోయినప్పుడు వీధంతా కర్టెన్లు వేసుకుంటే నీ థెల్మా వెనకసందులోంచి వచ్చింది, తెలుసా, శవానికి తల దువ్వింది అన్నాడు. నాకు తెలియదు. థెల్మావైపు చూశాను. కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు. నాకు తెలుసు, నిద్ర కాదది.

అంబులెన్సు మూడింటికి వచ్చింది.

డిసెంబరు 3

ఆసుపత్రి. పెద్ద డాక్టరు గిలియన్‌తో మాట్లాడాడు. గాలి అందని ఆ రెండున్నర గంటల్లో గుండె దెబ్బతిందట. ముందే ఆక్సిజన్ పెట్టి ఉంటే అన్నాడట. ఆ తర్వాతి మాట గిలియన్ చెప్పలేదు.

డిసెంబరు 7

మొన్న గిలియన్ తల్లి బట్టలకోసం ఇంటికెళ్లి సొరుగు తీసింది. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆసుపత్రి వరండాలోకి వచ్చింది. నాన్నా, ఇది మిషనున్న ఇళ్లు రాసుకునే కాగితం, దీన్ని ప్రకటన అన్నావట అంది. ఫోన్‌లో నిన్ను అడగలేదా అంది.

అడిగారు. ఎవరూ లేరన్నాను.

ఎందుకు అంది. స్టోబ్స్ ఉన్న జాబితాలో నేనా అనుకున్నాను అని చెప్పాను. ఇంకో అబద్ధం దొరకలేదు.

అమ్మ ఊపిరి పీల్చుకునే జాబితా నాన్నా అది అంది. అంతే. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. నాకు అన్నం పెడుతుంది, కారులో దింపుతుంది, మాట్లాడదు. మా ఇంటి పద్ధతే అది. నేర్పింది నేనే.

డిసెంబరు 8

మధ్యాహ్నం 2.10. థెల్మా.

డిసెంబరు 16

అంత్యక్రియలు. ఎరిక్ చర్చి గేటు బయట చట్రంమీద ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు. వస్తే మిగతావాళ్లు లేచి వెళ్లిపోతారని వాడికి తెలుసు. నేను బయటికెళ్లి వాణ్ణి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాను. వెనక బెంచీల్లో కదలిక వినపడింది. తర్వాత క్లబ్బులో మా పాత గనివాళ్లు నా బల్ల దగ్గరికి రాలేదు. ఒకడు మాత్రం వచ్చి, ద్రోహి ఇంట్లో టీ తాగావట నిజమా అన్నాడు. రెండు కప్పులు అన్నాను. ఆలస్యంగా తాగానని కూడా చెప్పాను. వాడికి అర్థం కాలేదు.

జనవరి 6

ఆక్సిజన్ వాళ్లు వచ్చి మిషను తీసుకెళ్లారు. కార్పెట్టుమీద దాని నాలుగు చక్రాల గుర్తులు. గిలియన్ కొత్త డైరీ తెచ్చింది. బల్లమీద పెట్టి వెళ్లింది.

వెనకసందులోకి వెళ్లాను. గోడమీది మచ్చ తడిబట్టతో తుడిచాను. పోలేదు.

జనవరి 19

గాలి బాగా వీస్తోంది. గాలి కంపెనీకి ఫోన్ చేశాను. నంబరు నేనే కలిపాను. ఇంట్లో బలహీనులు ఎవరైనా ఉన్నారాండీ అని అడిగింది. ఉన్నారన్నాను. ఏ మిషనండీ అంది. మిషనేం లేదన్నాను. మరి ఎవరని రాసుకోమంటారు అంది. ఒక్కో అక్షరం పలికి నా పేరు రాయించాను.